కోర్టులో కొట్లాట జరిగితే కోచ్ ఏం చేయాలి? మా అమ్మాయి జట్టు విషయంలో సలహా కావాలి

గ్రీన్‌విల్ అమ్మ

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా అమెరికాలో, సౌత్ కరోలైనాలోని గ్రీన్‌విల్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పదమూడేళ్లు, బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. శని, ఆదివారాల్లో వేరే ఊళ్లు వెళ్లి ఆడే ఒక జట్టులో రెండేళ్లుగా ఉంది. ఆ జట్టు పేరుగానీ కోచ్ పేరుగానీ ఇక్కడ చెప్పను. ఆయన మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. నేను చూసింది సరిగ్గా చూశానో లేదో తెలుసుకోవాలని రాస్తున్నాను.

మూడు వారాల కిందట ఒక టోర్నమెంటులో ఇది జరిగింది. రెండో సగంలో అవతలి జట్టు అమ్మాయి మా పాయింట్ గార్డ్ (బంతి తీసుకెళ్లి ఆట నడిపించే పిల్ల) జడ పట్టుకుని లాగింది. రిఫరీ కంట పడలేదు. కాసేపటికి అదే అమ్మాయి మోచేత్తో పొడిచింది. అదీ ఆయన చూడలేదు. మా జట్టులో అందరికంటే పొడుగైన పిల్ల ఒకతె ఉంది, మాట్లాడితే గొంతు కూడా పైకి రాదు. ఆ పిల్ల పరుగున వెళ్లి ఆ అమ్మాయిని రెండు చేతులతో తోసేసింది. పాపం, అవతలి జట్టు అమ్మాయి వెల్లకిలా పడింది. తల నేలకు కొట్టుకోలేదు, దేవుడి దయ.

బెంచ్ మీది పిల్లలంతా లేచి కోర్టులోకి వెళ్లిపోయారు. వాళ్లలో మా అమ్మాయి కూడా ఉంది. నేను ఎదురుగా మెట్ల మీద కూర్చుని కోచ్ వైపే చూస్తున్నాను. ఆయన చేతులు కట్టుకుని సైడ్‌లైన్ మీద నిలబడ్డాడు. పిల్లలు ఆయన పక్కనుంచే వెళ్లారు. ఒక్కరినైనా పట్టుకోలేదు, ఆగమని కేక కూడా వేయలేదు. చివరికి రిఫరీలిద్దరూ, అవతలి జట్టు కోచ్ కలిసి విడదీశారు.

మ్యాచ్ అయ్యాక ఆయన పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని, ఒకరి కోసం ఒకరు నిలబడ్డారు, మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది అన్నాడు. కింద పడిన పిల్లకు ఎలా ఉందో ఎవరూ అడగలేదు. నేను వెళ్లి వాళ్ల అమ్మని అడిగాను.

కారులో మా అమ్మాయి ఒకటే మాట అడిగింది: "కోచ్ మంచి పని చేశామన్నారు. నువ్వేమో మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా?" నాకు వెంటనే జవాబు రాలేదు.

ఎందుకంటే మేమిద్దరం ఇలాంటి గొడవ ఒకటి ముందే చూశాం. 2024 మార్చి 10, ఆదివారం. మా ఊళ్లోనే, బాన్ సెకూర్ వెల్‌నెస్ అరీనాలో, సౌత్ కరోలైనా యూనివర్సిటీకీ ఎల్‌ఎస్‌యూకీ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మధ్య అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో ఎస్‌ఈసీ (ఆగ్నేయ ప్రాంత కాలేజీల లీగ్) ఫైనల్. అప్పటికి మా అమ్మాయికి పదకొండేళ్లు. సౌత్ కరోలైనా జట్టులోని కమిల్లా కార్డోసో అంటే దానికి దేవత. ముందు రోజు సెమీఫైనల్లో టెనెసీ మీద చివరి క్షణంలో త్రీ (దూరం నుంచి మూడు పాయింట్ల బుట్ట) వేసి 74-73తో గెలిపించింది కూడా ఆవిడే. అందుకే ఫైనల్‌కి టికెట్లు కొనమని ప్రాణం తీసింది.

చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది. ఇంకా 2 నిమిషాల 8 సెకన్లు ఉంది. సౌత్ కరోలైనా 73-66తో ముందుంది. బంతి లాక్కుని వెళ్తున్న వాళ్ల మిలేసియా ఫుల్‌వైలీని ఎల్‌ఎస్‌యూ క్రీడాకారిణి ఫ్లాజే జాన్సన్ పట్టి ఆపింది. దానికి ఫౌల్ ఇచ్చారు. తర్వాత ఫ్లాజే, సౌత్ కరోలైనా అమ్మాయి యాష్లిన్ వాట్కిన్స్‌కి భుజం తగిలించింది. ఇంతలో కార్డోసో పరుగున వచ్చి ఫ్లాజేని ఒక్క తోపు తోసింది. ఆరడుగుల ఏడంగుళాల మనిషి తోస్తే ఐదడుగుల పదంగుళాల అమ్మాయి ఆగుతుందా? కింద పడింది. ఫ్లాజే అన్నయ్య స్టాండ్స్‌లోంచి స్కోరర్ల బల్ల మీదుగా కోర్టులోకి దూకాడు. పోలీసులు పట్టుకెళ్లారు. మేం పై వరుసల్లో ఉన్నాం, జనమంతా లేచి నిలబడటంతో మాకు సగం కనిపించలేదు. మిగతాది ఇంటికొచ్చి టీవీలో చూశాం. కార్డోసోని, రెండు జట్ల బెంచీల మీదినుంచి లేచి వచ్చినవాళ్లని కూడా బయటకు పంపేశారు. చివరికి సౌత్ కరోలైనా 79-72తో గెలిచింది.

నాకు ఆ గొడవ కంటే దాని తర్వాత జరిగిందే ఎక్కువ గుర్తుంది. సౌత్ కరోలైనా కోచ్ డాన్ స్టేలీ గెలిచిన కోర్టు మీదే, టీవీ మైకు ముందు, మొట్టమొదట క్షమాపణ చెప్పింది. ఇందులో మా పాత్ర ఉంది, మేం ఇలాంటివాళ్లం కాదు అంది. ఎల్‌ఎస్‌యూ కోచ్ కిమ్ మల్కీ కూడా ఇది అసహ్యంగా ఉంది, ఎవరూ చూడాలనుకోరు అనే మొదలుపెట్టింది. కానీ అక్కడితో ఆగలేదు. తోసేదేదో మా జట్టులో పొడుగైన ఏంజెల్ రీస్‌ని తోసి ఉండాల్సింది, అంత పొడుగు మనిషి అంత చిన్న పిల్లని తోయడమేమిటి అంది. మాటామాటా అనుకుంటున్న ఇద్దరమ్మాయిలనీ వాళ్లలో వాళ్లని తేల్చుకోనివ్వాల్సింది అని కూడా అంది.

ఆ రాత్రి మా అమ్మాయికి స్టేలీని చూపించి, "చూడు, పెద్దవాళ్లు ఇలా ఉండాలి" అన్నాను. ఇప్పుడు దాని కోచ్ మల్కీ అన్నదానికంటే ఇంకో అడుగు ముందుకేశాడు. పిల్లని ఆ జట్టులోంచి తీసేయనా? ఆయనతో మాట్లాడనా? మా ఆయనేమో "ఆటలో ఇవన్నీ మామూలే, పెద్దది చేయకు" అంటున్నారు. అసలు ఇలాంటప్పుడు కోచ్‌ని దేన్ని బట్టి అంచనా వేయాలి? ఆటలో ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ పీఈటీ, గుంటూరు జిల్లా

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు పిల్లలకి ఆట నేర్పాను. జిల్లా స్థాయిలో రిఫరీగానూ చేశాను. మీరు చూసింది సరిగ్గానే చూశారు.

ముందు రూలు సంగతి. మన దేశంలో మేం ఆడించేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం. అందులో 39వ నిబంధన కొట్లాట గురించే. గొడవ జరుగుతున్నప్పుడు, జరిగేలా ఉన్నప్పుడు బెంచ్ దాటి రావడానికి హెడ్ కోచ్‌కీ, మొదటి అసిస్టెంట్ కోచ్‌కీ మాత్రమే అనుమతి. అదీ రిఫరీలకు సాయం చేయడానికి. మిగతా ఎవరు దాటినా డిస్‌క్వాలిఫై. దానికి టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన తప్పుకి ఇచ్చే ఫౌల్) కూడా పడుతుంది. ఎంతమంది దాటినా అది ఒక్కటే, అదీ హెడ్ కోచ్ పేరు మీద. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. కోచ్ కోర్టులోకి వచ్చి కూడా సాయం చేయకుండా ఊరికే నిలబడితే ఆయన్నీ బయటకు పంపొచ్చు. లోపలికి వచ్చాక చేతులు కట్టుకుని నిలబడే హక్కు కోచ్‌కి లేదని రూలు రాసినవాళ్లకే తెలుసు.

మీ దగ్గర స్కూలు పిల్లల టోర్నమెంట్లకు రూలు పుస్తకం వేరు. అయినా బెంచ్ వదిలిన పిల్లల్ని పంపేయడం అక్కడా ఉంటుంది. మరి మీ మ్యాచ్‌లో ఆ పిల్లల్ని పంపేశారా? మీరు రాయలేదు.

నా లెక్క ఇది. జట్టుకి పన్నెండు మంది. ఐదుగురు కోర్టులో ఉంటారు, ఏడుగురు బెంచ్ మీద. తోపులాట మొదలైతే ఆ ఐదుగురినీ నేను ఎలాగూ అందుకోలేను, అది రిఫరీ పని. నా చేతిలో ఉన్నది ఆ ఏడుగురే. రెండు చేతులూ చాచి బెంచ్‌కి అడ్డంగా నిలబడి, వాళ్ల కళ్లలోకి చూస్తూ "కూర్చోండి" అంటే ఆగుతారు. కోర్టుకి వీపు పెట్టి నిలబడాలి. అది చాలా కష్టం. వెనకాల ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం పీకేస్తుంది. కానీ కోచ్ తిరిగి చూశాడంటే పిల్లలు లేస్తారు.

నేనూ ఒకసారి తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జోనల్ మ్యాచ్‌లో ఇలాగే గొడవైతే పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లి అవతలి జట్టు అమ్మాయి జబ్బ పట్టుకుని లాగాను. విడదీస్తున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల బిగుసుకుపోయి నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మగ కోచ్ అవతలి జట్టు ఆడపిల్ల మీద చెయ్యి వేయకూడదు, ఎంత మంచి ఉద్దేశమైనా సరే. ఆ సాయంత్రం వాళ్ల మేడమ్‌ దగ్గరికి వెళ్లి పిల్ల ఎదురుగానే తప్పయిందని చెప్పాను. తర్వాత నా బెంచ్ వదిలి ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు.

ఇంకొకటి. జడ లాగినప్పుడే మీ కోచ్ టైమ్ అవుట్ తీసుకుని ఉండాల్సింది. రిఫరీకి చెప్పి, ఆ పొడుగు పిల్లని కాసేపు పక్కన కూర్చోబెట్టి నీళ్లు తాగించి ఉంటే సరిపోయేది. గొడవ మొదలవకముందు రెండు నిమిషాల్లో కోచ్ ఏం చేశాడో నేను మొదట చూస్తాను.

బాటన్ రూజ్ నుంచి

అక్కా, నేను ఎల్‌ఎస్‌యూలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మల్కీ అభిమానిని. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉందేమో మీరే చూసుకోండి. కానీ ఆవిడ విషయంలో మీరు సగమే చెప్పారనిపించింది.

పొడుగు మనిషి చిన్నదాన్ని తోయడం సరికాదని ఆవిడ అన్నమాటలో న్యాయం ఉంది. మీరు కూడా కింద పడిన పిల్ల గురించే కదా బాధపడ్డారు. తన జట్టు అమ్మాయి నేల మీద పడి ఉంటే ఆ అమ్మాయి తరఫున మాట్లాడటం కోచ్ బాధ్యతే. కాకపోతే ఆ తర్వాత "వాళ్లని తేల్చుకోనివ్వాల్సింది" అన్న మాట దగ్గర ఆగి ఉండాల్సింది. అది నేను కూడా ఒప్పుకుంటాను. అప్పుడే ఇక్కడ మా ల్యాబ్‌లో కూడా చాలామంది తల పట్టుకున్నారు.

కానీ 2010 సంగతి మీకు తెలియాలి. అప్పుడు మల్కీ టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీ కోచ్. ఆ ఏడాది మార్చి 3న లబ్బక్‌లో టెక్సాస్ టెక్ మీద ఆడుతుండగా బ్రిట్నీ గ్రైనర్ అవతలి జట్టు అమ్మాయిని ముక్కు మీద గుద్దింది. ముక్కు విరిగింది. గ్రైనర్ అప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థిని, ఆరడుగుల ఎనిమిదంగుళాలు, బేలర్ ఆశలన్నీ ఆమె మీదే. నిబంధన ప్రకారం ఒక మ్యాచ్ సస్పెన్షన్ పడింది. మల్కీ తన వైపు నుంచి ఇంకో మ్యాచ్ కలిపింది. సీజన్ చివర్లో, అసలు పోటీలు ముందున్నప్పుడు, తన జట్టులో అందరికంటే గొప్ప క్రీడాకారిణిని తనంతట తానే కూర్చోబెట్టింది.

తన పిల్ల తప్పు చేసినప్పుడు కోచ్ ఏం చేస్తాడన్నదే నాకు అసలు కొలత. ఎదుటివాళ్ల పిల్ల తప్పు చేసినప్పుడు అందరూ నీతి మాట్లాడతారు. గ్రీన్‌విల్‌లో తప్పు స్టేలీ పిల్లది. అందుకే క్షమాపణ చెప్పాల్సింది ఆవిడే, చెప్పింది. అంత గొప్ప కోచ్‌ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆటగత్తెగా మూడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి. అయినా గెలిచిన రోజు క్షమాపణ చెప్పడం కాస్త తేలిక కదా అక్కా? ఓడి ఉంటే అంత తొందరగా అనేదా అని నాకు సందేహం ఉంది.

ఇక మీ కోచ్ విషయం. ఆయన ఆ పొడుగు పిల్లని తర్వాతి మ్యాచ్‌లో కూర్చోబెట్టాడా, ఆడించాడా? నాకైతే అది తెలిస్తే చాలు.

ట్రాయ్, మిషిగన్

పీఈటీ సార్ చెయ్యి వేయడం గురించి రాసింది చదివాక నాకు 2008 గుర్తొచ్చింది. నేను వరంగల్ నుంచి డెట్రాయిట్ దగ్గరికి వచ్చిన కొత్త. టికెట్ చవక కాబట్టి డెట్రాయిట్ షాక్ (మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్టు) మ్యాచ్‌లకు వెళ్లేవాణ్ని. జులై 22 మ్యాచ్ మాత్రం ఇంట్లోనే చూశాను. లాస్ ఏంజెలిస్ స్పార్క్స్ మీద, ఆబర్న్ హిల్స్ ప్యాలెస్‌లో. 2004లో మగవాళ్ల ఎన్‌బీఏ జట్లు పేసర్స్, పిస్టన్స్ ఆటగాళ్లు ప్రేక్షకుల్లోకి వెళ్లి కొట్టుకున్నది కూడా ఆ కోర్టులోనే.

ఇంకా 4.6 సెకన్లు మిగిలి ఉంది, స్పార్క్స్ గెలవబోతోంది. షాక్ క్రీడాకారిణి ప్లెనెట్ పియర్సన్, స్పార్క్స్ క్రీడాకారిణి కాండేస్ పార్కర్ కలబడి కిందపడ్డారు. షాక్ అసిస్టెంట్ కోచ్ రిక్ మహార్న్ విడదీయడానికి లోపలికి వెళ్లాడు. మనిషి ఆరడుగుల పదంగుళాలు, ఒకప్పుడు పిస్టన్స్‌లో ఆడిన భారీకాయుడు. ఆయన చెయ్యి తగిలి స్పార్క్స్ జట్టు లీసా లెస్లీ కిందపడింది. లెస్లీ ఎవరనుకున్నారు? ఆ ఆటకే పెద్దదిక్కు లాంటి మనిషి. వెంటనే లెస్లీ జట్టులోని డెలీషా మిల్టన్-జోన్స్ వెనకనుంచి వచ్చి మహార్న్‌ని గుద్దింది. అంతే, అప్పటిదాకా ఇద్దరి మధ్య ఉన్న గొడవ రెండు జట్లకీ పాకింది.

తాను శాంతపరచడానికే వెళ్లానని మహార్న్ అన్నాడు. హెడ్ కోచ్ బిల్ లాంబీర్ కూడా ఆయన్ని సమర్థించాడు. ఆ మాట నేను నమ్ముతాను. వీడియో ఎన్నిసార్లు చూసినా ఆయన కొట్టడానికి వెళ్లినట్టు నాకు అనిపించలేదు. అయినా లీగ్ రెండు మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. అదీ సరైనదే అంటాను. పదిమంది క్రీడాకారిణులకు కూడా సస్పెన్షన్ పడింది, పియర్సన్‌కి నాలుగు మ్యాచ్‌లు. ఆ రోజు నిజంగా నష్టపోయింది మాత్రం షెరిల్ ఫోర్డ్. ఆవిడ ఎవరినీ కొట్టలేదు, తన జట్టు పియర్సన్‌ని పట్టి ఆపబోయింది. మోకాలి లిగమెంట్ తెగిపోయింది, సీజన్ అక్కడితో అయిపోయింది. రెండు రోజుల తర్వాత జట్టులో మనుషులు చాలక యాభై ఏళ్ల నాన్సీ లీబర్‌మన్‌ని ఏడు రోజుల కాంట్రాక్టు మీద దింపారు. ఆవిడ ఆడటం చూసి మేమంతా నోరు తెరిచాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కోచ్ లోపలికి వెళ్లలేదన్న ఒక్క కారణంతో మీ కోచ్‌ని తప్పుపట్టకండి. వెళ్లకపోవడమే మంచిదయ్యే సందర్భాలున్నాయి. బెంచ్‌ని ఆపకపోవడం తప్పు. షెరిల్ ఫోర్డ్‌లా మీ అమ్మాయి మోకాలే పోయి ఉంటే? పదమూడేళ్ల పిల్లలు వాళ్లు.

గ్రీన్‌విల్ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. ఒక్కొక్కరి మాట రెండు మూడుసార్లు చదివాను.

సార్, మీరు అడిగినదానికి జవాబు: రిఫరీలు ఆ పొడుగు పిల్లని మాత్రమే పంపారు. బెంచ్ వదిలినవాళ్లకు హెచ్చరిక ఇచ్చి వదిలేశారు, చిన్నపిల్లలని కాబోలు. టైమ్ అవుట్ సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. మా కోచ్ దగ్గర ఆ సగంలో రెండు టైమ్ అవుట్లు మిగిలే ఉన్నాయి. స్కోరు షీట్ ఫోటో నా ఫోన్‌లో ఉంది, చూశాను.

బాటన్ రూజ్ చెల్లీ, గ్రైనర్ సంగతి నాకు తెలియదు. తెలుసుకున్నాక మల్కీ గురించి మా అమ్మాయికి నేను చెప్పింది సరిదిద్దాను. ఆవిడ ఆ రెండో మ్యాచ్ కలిపిందని చెప్తే అది చాలాసేపు ఆలోచించింది. కానీ గెలిచిన రోజు క్షమాపణ తేలిక అన్నమాట నేను ఒప్పుకోలేకపోతున్నాను. స్టేలీ జట్టు అప్పటికి ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అందరూ పొగడటానికి మైకు పట్టుకుని నిలబడిన క్షణం అది. కార్డోసోకి తర్వాతి మ్యాచ్ సస్పెన్షన్ అని అప్పటికే తెలుసు. "కానీ వాళ్లు మొదలుపెట్టారు" అని ఒక్క మాట అని ఉంటే ఆ హాల్లో సగం మంది చప్పట్లు కొట్టేవాళ్లు, నాతో సహా. ఆవిడ అనలేదు. కార్డోసో లేకుండానే ఎన్‌సీఏఏ (కాలేజీల జాతీయ టోర్నమెంటు) మొదటి రౌండ్ ఆడారు, ప్రెస్బిటేరియన్ కాలేజీ మీద 91-39తో గెలిచారు. ఆ తర్వాత 38-0తో, అంటే ఒక్కటీ ఓడకుండా, టైటిల్ గెలిచారు, ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ)లో ఉత్తమ క్రీడాకారిణి కార్డోసోనే. ఆ అమ్మాయిని కూడా ఎవరూ ముద్ర వేసి పక్కన పెట్టలేదు. తప్పు చేసింది, క్షమాపణ చెప్పింది, ఒక మ్యాచ్ కూర్చుంది, మళ్లీ వచ్చి ఆడింది. మా పొడుగు పిల్లకి ఆ దారి ఎవరూ చూపించలేదనే నా బాధ. తర్వాతి శనివారం ఏమీ జరగనట్టే మొదటి ఐదుగురిలో దింపారు. ఆ రోజు అది బంతి పట్టుకోవడానికి కూడా భయపడింది. వాళ్ల అమ్మ నా పక్కనే కూర్చుని ఏడ్చింది.

ట్రాయ్ అన్నగారూ, మీ మాట విన్నాక కోచ్ లోపలికి వెళ్లలేదన్న కోపం తీసేశాను.

నిన్న ప్రాక్టీస్ అయ్యాక ఆయనతో మాట్లాడాను. మా ఆయన కూడా వచ్చారు. మూడే అడిగాను. జడ లాగినప్పుడు టైమ్ అవుట్ ఎందుకు తీసుకోలేదు? బెంచ్‌ని ఎందుకు ఆపలేదు? పడిపోయిన పిల్ల గురించి మన పిల్లలతో ఒక్క మాటైనా ఎందుకు అనలేదు? మొదటి రెండింటికీ ఆయన సర్దిచెప్పుకున్నాడు, క్షణాల్లో జరిగిపోయిందన్నాడు. మూడోదానికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ పిల్లకి దెబ్బ తగిలిందా అని నన్నే అడిగాడు. మూడు వారాలైంది, ఆయనకి ఇంకా తెలియదు. మణికట్టు బెణికింది, వారం కట్టు కట్టారు అని చెప్పాను.

రిటైర్డ్ పీఈటీ, గుంటూరు జిల్లా

అడిగాడు కదా అమ్మా. ఆలస్యంగానైనా అడిగాడు. వెంటనే జట్టు మార్పించకండి. రెండు మ్యాచ్‌లు చూడండి. గొడవ జరిగేలా ఉన్నప్పుడు ఆయన చూపు ఎటు ఉందో చూడండి, బంతి వైపా, బెంచ్ వైపా.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా మీరు జవాబు చెప్పినట్టు లేదు.

గ్రీన్‌విల్ అమ్మ

చెప్పాను సార్. బెంచ్ దిగడం తప్పు, స్నేహితురాలి కోసం మనసు కొట్టుకోవడం తప్పు కాదు అన్నాను. "మరి కూర్చుని ఏం చేయాలి?" అంది. పక్కన కూర్చున్న అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకో, అది కూడా లేవకుండా చూడు అన్నాను. రాత్రి అవతలి జట్టు పిల్లకి నాలుగు లైన్లు రాసి నాకు చూపించింది. తెలుగులో కాదు, ఇంగ్లీషులోనే. తప్పులు దిద్దబోతే వద్దంది. పొడుగు పిల్ల కూడా కింద సంతకం చేస్తానందట. శనివారం ప్రాక్టీస్‌లో చేయించి, ఆదివారం టోర్నమెంటులో ఆ అవతలి జట్టు పిల్ల అమ్మ చేతికి ఇస్తాం.